నెల్లూరు నుంచి డల్లాస్: టికెట్ మీద పన్నెండున్నర గంటలు, ఇల్లు చేరేసరికి ముప్పై మూడున్నర

నెల్లూరులో మాకు టికెట్లు తీసిచ్చిన ఏజెంటు ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే మా ఆవిడ అంత అవస్థ పడేది కాదు. "తెల్లారుజామున 4 గంటలకి చెన్నైలో ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:30కి డల్లాస్‌లో దిగుతారు సార్, పన్నెండున్నర గంటలే" అన్నాడు. టికెట్ మీదా అవే టైములు. అమ్మాయి దగ్గరికి మొదటిసారి పోతున్నాం, నమ్మేశాను.

టికెట్ మీద వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. ఎండాకాలంలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. ఆ పదిన్నర కలిపితే ప్రయాణం 23 గంటలు. రోజూ టికెట్లు అమ్మే మనిషికి ఈ లెక్క తెలియదంటే నేను ఒప్పుకోను.

ముందు రోజు రాత్రి 8కి నెల్లూరులో కారెక్కాం, 4,500 రూపాయలు. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట మీదుగా ఏ ఇబ్బందీ లేకుండా చేరాం. దుబాయ్ దాదాపు 2,900 కిలోమీటర్లు, నాలుగుంపావు గంటలు. అదీ తెలియలేదు. అక్కడ రెండుముప్పావు గంటలు ఆగి రెండో విమానం ఎక్కాం. అసలు కష్టం అందులోనే. దాదాపు 13,000 కిలోమీటర్లు ఒకే దూకు, 16 గంటలు.

మా ఆవిడకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. పన్నెండు గంటలే కదా అని ఒక్క పూట మాత్రలు చేతిసంచిలో పెట్టుకుంది, మిగతావన్నీ సూట్‌కేసులో లోపలికి పోయాయి. ఎదురుగా తెరమీద విమానం బొమ్మ ఉత్తరానికి ఎక్కిపోతూ ఉంది. "అమెరికా పడమరగా కదండీ, ఇదేంది పైకి పోతావుంది?" అంది. భూమి గుండ్రం కాబట్టి అటునుంచే దగ్గర దారి అని చెప్పాను. గ్రీన్‌లాండ్ దగ్గరికొచ్చేసరికి మాటల్లేవు. రెండు పాదాలూ వాచి చెప్పుల్లో పట్టలేదు. రాత్రి మాత్ర టైము దాటిపోయింది. నాకు టెన్షన్‌తో ముద్ద దిగలేదు.

డల్లాస్‌లో మమ్మల్ని కాపాడింది వీల్‌చైర్. టికెట్ తీసేటప్పుడే అమ్మాయి పట్టుబట్టి రాయించింది, పైసా తీసుకోలేదు. ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆవిడ నిలబడే పని లేకపోయింది. ఇల్లు చేరేసరికి అక్కడ రాత్రి 7. నెల్లూరు గడప దాటి ముప్పై మూడున్నర గంటలు.

పెద్దవాళ్ళని పంపేవాళ్ళు దిగే టైము అడగొద్దు. గాల్లో ఎన్ని గంటలు, మధ్యలో ఆగేది ఎన్ని గంటలు అని విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోండి. రెండు రోజుల మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. సీటు నడవా పక్కదే తీసుకోండి, గంటకోసారి లేచి నడవాలి.

వచ్చేటప్పుడు లెక్క తిరగబడింది. శుక్రవారం సాయంత్రం 6:30కి ఎక్కితే చెన్నైలో ఆదివారం తెల్లారుజాము 2:30. చూడ్డానికి 32 గంటలు, నిజానికి ఇరవై ఒకటిన్నరే. పైన గాలి పడమర నుంచి తూర్పుకి తోస్తుంది కాబట్టి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటల్లోనే వచ్చేశాం. కారు ఆదివారానికే చెప్పి ఉంచాను. సూళ్ళూరుపేటలో ఆపి వేడి ఇడ్లీ తిన్నాక, మా ఆవిడ ఒళ్ళో సంచిలోంచి మాత్ర తీసి టైముకే వేసుకుంది.