చెక్క దువ్వెనా, ప్లాస్టిక్ దువ్వెనా?

బేగంబజార్‌లో దువ్వెన కొనేటప్పుడు పళ్ల మధ్య వేలిగోరు నడిపి చూడండి. చవక ప్లాస్టిక్ దువ్వెనలో అచ్చు అతుకు సన్నటి గీతలా గోటికి తగులుతుంది. వెంట్రుక తెగేది అక్కడే. హైదరాబాద్ చలికాలపు పొడిగాలికి ప్లాస్టిక్ రాపిడితో స్థిర విద్యుత్తు పుట్టి జుట్టు పైకి లేస్తుంది కూడా.

చెక్కతో ఆ బాధ చాలా తక్కువ, అందుకే రోజువారీ దువ్వుకోడానికి మా ఓటు దానికే. కానీ నీళ్లలో నానబెట్టారో, ఉబ్బి పళ్లు చీలిపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో మురికి తీసి, తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, 2 చుక్కల కొబ్బరినూనె రాయండి. ప్లాస్టిక్‌నైతే గోరువెచ్చని సబ్బునీళ్లలో 10 నిమిషాలు ఉంచి కడిగేయొచ్చు.

తడిజుట్టుకు వెడల్పు పళ్ల ప్లాస్టిక్కే మేలు. చిక్కు కొసల దగ్గర మొదలుపెట్టి పైకి తీయాలి. పేలకు మాత్రం ఈ మామూలు దువ్వెనలు రెండూ పనికిరావు, సన్నపళ్ల పేల దువ్వెనే కావాలి, లోహపుదైతే మేలు.