హెచ్1బీ పక్కా ఇప్పిస్తమని పైసలు అడిగే కన్సల్టెన్సీలతోని జాగ్రత్త

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు పిల్లలను అమెరికా పంపిన అన్నలు, అక్కలు ఇది ఒక్కసారి చదవండి. మా తమ్ముడు అక్కడ ఎంఎస్ చేసి ఓపీటీ (చదువు అయినంక కొన్నాళ్లు అక్కడ పని చేసుకునే పర్మిషన్) మీద ఉన్నప్పుడు ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి, 4 లక్షలు కడితే హెచ్1బీ (అక్కడ నౌకరి చేసే వీసా) మేమే వేస్తం, లాటరీల పక్కా వస్తది అన్నరు. మా నాయిన బత్తాయి తోట మీద అప్పు తెచ్చి కట్టిండు. ఏడాదికి 65,000 వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినోళ్లకు ఇంకో 20,000, గంతే, పక్కా అనేది ఎవ్వరి చేతుల ఉండదని మాకు అప్పుడు తెల్వదు.

వాడి నసీబుకు పేరైతే వచ్చింది. కానీ ఎల్సీఏ (ఏం పని, ఎంత జీతమని కంపెనీ అక్కడి లేబర్ డిపార్ట్‌మెంట్‌కు రాసిచ్చేది) పేపర్ల వాడిది లెవెల్ 1, అంటే అన్నింటికంటె కింది జీతం లెవెల్ అని పెట్టిన్రు. అంటే ఆ ఏరియాల అదే పని చేసేటోళ్లల్ల నూటికి 83 మందికి అంతకంటె ఎక్కువే వస్తదన్నట్టు. క్లయింట్‌కు, అంటే వాడితోని పని చేయించుకునే కంపెనీకి పంపిన రెజ్యూమేల మాత్రం వాడికి చెప్పకుండనే 7 ఏండ్ల ఎక్స్‌పీరియన్స్ అని రాసిన్రు. పని సీనియర్‌ది, జీతం ఫ్రెషర్‌ది, క్లయింట్ గంటకు 68 డాలర్లు ఇస్తుంటే వీడి చేతికి 31. అదే టీంల పనిచేసే అక్కడి పెద్దాయన మీ వల్ల మా రేట్లు కూడ పడుతున్నయ్ అన్నడంట, ఆయన బాధ నిజమే, గింత తక్కువకు మనిషి దొరుకుతుంటే ఎవరు ఎక్కువిచ్చి తీసుకుంటరు? వీడేమో గట్టిగ అడగలేడు, నౌకరి పోతే 60 రోజులల్ల ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలె, లేకుంటే ఇంటికే.

ప్రాజెక్ట్ అయిపోయినంక రెండున్నర నెలలు బెంచ్ మీద కూసోబెట్టి రూపాయి ఇయ్యలే, రూం అద్దెకు మేమే ఇక్కడి నుంచి పంపినం. బెంచ్ మీద జీతం ఉండదని వాళ్లు చెప్పింది పచ్చి అబద్ధం, పని లేకున్నా ఎల్సీఏల రాసిన జీతం ఇయ్యాల్సిందే. పిటిషన్ ఫీజు, లాయర్ ఖర్చు కూడ హెచ్1బీ వేసే కంపెనీదే. 2025 సెప్టెంబర్‌ల కొత్త హెచ్1బీ పిటిషన్ల మీద వచ్చిన 1,00,000 డాలర్ల ఫీజు పేరు చెప్పి ఇప్పుడు సగం మీరు కట్టండని మా చుట్టాలను అడుగుతున్నరు, అది కూడ కట్టాల్సింది కంపెనీనే, ఒక్క పైస ఇయ్యకండి.

సంతకం పెట్టే ముందే ఎల్సీఏ కాపీ అడిగి లెవెల్, జీతం చూసుకోండి. మేమైతే అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్‌కు డబ్ల్యూహెచ్-4 అనే ఫిర్యాదు ఫారం పెడుతున్నం, 12 నెలల లోపే పెట్టాలె. మీ పిల్లలకు గిట్లనే జరిగి ఉంటే పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకండి, నాకు మెసేజ్ చేయండి, ఫారం ఎట్ల నింపాల్నో చెప్తా.