నాయిస్ మార్జిన్ తగ్గించడమా, తీగను బాగుచేయడమా?

చెన్నైలో ఫైబర్ ఇంకా చేరని పాత ఇంట్లో, రాగి తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్ 2 ప్లస్ కనెక్షన్ నెమ్మదించినప్పుడు రెండు దారులున్నాయి: మోడెమ్‌లో నాయిస్ మార్జిన్ (రొద పెరిగినా కనెక్షన్ తెగకుండా ముందుగా ఉంచుకునే వెసులుబాటు) లక్ష్యాన్ని తగ్గించడం, లేదా తీగలోని రొదనే తగ్గించడం.

మొదటిది సులువు, అయితే ఈ అమరిక అన్ని మోడెములలోనూ ఉండదు. లక్ష్యం సాధారణంగా 6 డెసిబెల్స్. లైన్ పదేపదే తెగుతుంటే ఎక్స్ఛేంజీ వైపు నుంచి దానిని 9కో 12కో పెంచవచ్చు. సుమారు 3 డెసిబెల్స్ పెరిగితే ఒక్కో టోన్ (డేటాను మోసే సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీ) ఒక బిట్ చొప్పున కోల్పోతుంది కనుక, వందలాది టోన్లున్న ఈ పద్ధతిలో ఆ నష్టం సెకనుకు ఒక మెగాబిట్‌ను దాటగలదు. మార్జిన్ తగ్గిస్తే ఆ వేగం తిరిగి వస్తుంది గాని, ఎవరో నీళ్ల మోటారు వేయగానే కనెక్షన్ తెగే ప్రమాదమూ వెంటే వస్తుంది.

రెండవదానికి ఓపిక కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానకు తడిసిన జాయింట్లు, తుప్పు పట్టిన ఫోన్ పెట్టె, స్ప్లిటర్ (ఫోన్, ఇంటర్నెట్ సిగ్నళ్లను వేరుచేసే చిన్న పరికరం) లేకుండా కలిపిన రెండో ఫోన్ వంటివన్నీ రొదను పెంచుతాయి. మోడెమ్‌ను లైను ఇంట్లోకి వచ్చే మొదటి పెట్టెకే నేరుగా కలిపి చూసినప్పుడు వేగం పెరిగితే దోషం ఇంటి వైరింగ్‌దే. అక్కడా మార్పు లేక, ఫోన్‌లో గరగర వినిపిస్తే బయటి లైనును అనుమానించాలి; అప్పుడు ఇంటర్నెట్ సంగతి పక్కన పెట్టి, ఫోన్‌లో రొద వస్తోందని ఫిర్యాదు చేయడమే నయం.

నా మటుకు తీగ పనే ముందు. మోడెమ్ చూపించే డేటా తప్పుల లెక్క రోజుల తరబడి తక్కువగా ఉండి, మార్జిన్ మాత్రం 12 దగ్గరే నిలిచిపోతే, అప్పుడు అమరికను ఒక్కో మెట్టు తగ్గించవచ్చు.