పేరు గొప్ప, పోర్టు దిబ్బ: ‘1200’ రౌటర్ కొనబోతున్నవాళ్లకు ఒక హెచ్చరిక

ఇంట్లో నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్ దాటినవాళ్లు కొత్త వైఫై రౌటర్ కొనాలనుకుంటుంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు 1,599 రూపాయలు, మూడు వారాల మనశ్శాంతి పోయాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తిరకాసు ఒక్కరిది కాదు, ఆ ధరలో చాలామంది అమ్మేది ఇలాంటి సరుకే.

మాది హైదరాబాద్ నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. ఫైబర్ కనెక్షన్, 300 ఎంబీపీఎస్ ప్లాన్. కనెక్షన్‌తో పాటు వాళ్లిచ్చిన బాక్స్ హాల్లో టీవీ వెనకాల ఉంది. హాల్లో కూర్చుంటే ఫోన్‌లో 250 దాకా వచ్చేది. చివరి బెడ్‌రూమ్‌లో మాత్రం 20 కూడా కష్టం. మా ఆవిడ ఇంటి నుంచే పని చేసేది ఆ గదిలోనే. మీటింగ్ మధ్యలో ఆమె బొమ్మ ఆగిపోయినప్పుడల్లా నాకు టెన్షన్. “పెద్ద రౌటర్ ఒకటి తెచ్చి పడేయండి” అంది. తెచ్చాను. నాలుగు యాంటెన్నాలు, అట్టపెట్టె మీద అరచేయంత అక్షరాల్లో ‘1200 ఎంబీపీఎస్’. నా ప్లాన్ 300, ఇది 1200. నాలుగు రెట్లు ఎక్కువే ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

బిగించిన రోజు బెడ్‌రూమ్‌లో 60 వచ్చింది. 20 ఉన్నచోట 60 అంటే పండగే. అందరం మురిసిపోయాం. హాల్లో 250 ఉన్నది 94కి పడిపోయిన సంగతి గమనించడానికి పది రోజులు పట్టింది. అదీ మా అబ్బాయి ఏదో గేమ్ డౌన్‌లోడ్ పెట్టుకుని “నాన్నా, ఇదివరకు అరగంటలో అయ్యేది, ఇప్పుడు గంటన్నర చూపిస్తోంది” అంటే చూశాను.

చూశాక నేను చేసిన మొదటి పని, నెట్ ఇచ్చేవాళ్ల మీద విరుచుకుపడటం. ఆ కుర్రాడు పాపం రెండుసార్లు వచ్చి లైన్ చూసి “మా వైపు అంతా బాగానే ఉంది సార్” అని చెప్పి వెళ్లాడు. నమ్మలేదు. మూడోసారి వచ్చినప్పుడు తన ల్యాప్‌టాప్ తెచ్చి, ఫైబర్ బాక్స్‌కి నేరుగా కేబుల్ పెట్టి చూపించాడు: 290 పైన. అదే కేబుల్ తీసి నా కొత్త రౌటర్‌కి పెట్టాడు: 94. “సార్, ఇది 100 పోర్ట్ రౌటర్. మీరు వెయ్యి ఎంబీ ప్లాన్ తీసుకున్నా దీంట్లోంచి ఇంతే వస్తుంది” అన్నాడు. నాకు తల కొట్టేసినంత పనైంది. అతనికి సారీ చెప్పి టీ ఇచ్చాను, అంతకంటే ఏం చేయగలను.

సంగతేమిటంటే, పెట్టె మీద వేసే 1200 గాల్లో లెక్క, అంటే వైఫై వేగం. వైఫై సిగ్నల్ నడిచే దారుల్ని బ్యాండ్‌లు అంటారు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867, రెండూ కలిపితే 1167. దాన్ని పైకి సర్ది 1200 అంటారు. మన మామూలు ఫోన్ ఒక సమయంలో ఒక బ్యాండ్‌కే అతుక్కుంటుంది, కాబట్టి ఆ కూడిక ఎవరికీ అందేది కాదు. 867 కూడా పక్కనే కూర్చుంటే రౌటర్‌కీ ఫోన్‌కీ మధ్య కుదిరే లింక్ వేగం మాత్రమే. నిజంగా చేతికొచ్చేది అందులో సగం, కొంచెం అటూ ఇటూ. చవక ఫోన్లలో కొన్నిటికి లోపల వైఫై యాంటెన్నా ఒక్కటే ఉంటుంది, వాటికి లింకే 433. అయినా నా 300కి ఇదంతా చాలు. గాలి దగ్గర పేచీ లేదు.

పేచీ వెనకాల ఉంది. ఫైబర్ బాక్స్ నుంచి వచ్చే వైరు గుచ్చే పోర్ట్ ఉంటుందే, వాన్ పోర్ట్ అంటారు, దాని వేగమే 100 ఎంబీపీఎస్. అందులోనూ డేటా ప్యాకెట్ల మీద ఉండే చిరునామాల్లాంటి వాటికి కాస్త పోగా మనకు మిగిలేది 94, 95. ఓవర్‌హెడ్ ట్యాంక్ ఎంత పెద్దదైతే ఏం, కిందికి దిగే గొట్టం పెన్సిలంత ఉంటే.

ఈ ముక్క కంపెనీ దాచిందా అంటే దాచలేదు. ఆన్‌లైన్ పేజీలో యాంటెన్నాల బొమ్మలు, గేమ్ ఆడే కుర్రాడి బొమ్మ, ఇల్లంతా నీలం అలల బొమ్మ, ఇవన్నీ దాటి బాగా కిందికి వెళితే పట్టికలో ‘10/100 వాన్ పోర్ట్ 1’ అని ఒక లైను. అంతే. ‘10/100/1000’ అనో ‘గిగాబిట్’ (అంటే 1000 ఎంబీపీఎస్) అనో ఉంటే మీకు కావలసింది అదే. ఏమీ రాయకపోతే 100 అనే అనుకోండి. గిగాబిట్ పోర్ట్ పెట్టినవాడు దాన్ని చెప్పకుండా ఊరుకోడు.

రివ్యూలు చూసి కొన్నాను కదా అని మళ్లీ వెళ్లి చదివాను. ‘రేంజ్ సూపర్’, ‘ఫుల్ స్పీడ్ వస్తోంది’ అని అయిదేసి చుక్కలు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. స్పీడ్ టెస్ట్ ఫొటోలు పెట్టినవాళ్లవి చూస్తే దాదాపు అందరివీ 40, 50, 100 ప్లాన్లు. వాళ్లకి ఇది నిజంగా మంచి రౌటరే.

ఇక వాపసు సంగతి. పేజీలో ‘7 రోజుల రీప్లేస్‌మెంట్’ అని ఉంది, డబ్బు తిరిగిస్తామని లేదు. పైగా నాకు తెలిసేసరికే పది రోజులు దాటాయి. గడువులో ఉన్నా ఏం ఒరిగేది? అదే మోడల్ ఇంకోటి పంపేవాళ్లు. కంపెనీ కస్టమర్ కేర్‌లో అమ్మాయి చాలా మర్యాదగా “సార్, 1200 అనేది వైర్‌లెస్ స్పీడ్, ప్రొడక్ట్‌లో లోపం లేదు” అంది. మాట వరకు నిజమే, అందుకే ఇంకా మండింది. తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది కాబట్టి, 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. డబ్బు కోసం కాదు. పోర్ట్ వేగం కూడా పెట్టె ముందువైపే వేయమని అడగడానికి.

తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీకి వెళ్లి, షాపతన్ని పెట్టె విప్పించి పట్టిక చదివి మరీ గిగాబిట్ పోర్టులున్న వైఫై 6 రౌటర్ తెచ్చాను. 2,800 అయ్యింది. ఇంటికొచ్చి బిగించి స్పీడ్ టెస్ట్ నొక్కాను. 94.

నవ్వకండి. అప్పటికి నాకు ఏడుపొక్కటే తక్కువ. అదే కుర్రాడికి ఫోన్ చేస్తే “సార్, కేబుల్ కొనల్లో తీగలు లెక్కపెట్టండి” అన్నాడు. ఆ ప్లాస్టిక్ క్లిప్పు అద్దంలా ఉంటుంది కదా, రంగులు బయటికే కనిపిస్తాయి. ఎనిమిది ఉండాలి. నేను డ్రాయర్లోంచి తీసి వాడిన పాత వైరులో నాలుగే ఉన్నాయి. నాలుగు తీగలతో లింక్ 100 దగ్గరే ఆగిపోతుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. కొత్త రౌటర్‌తో వచ్చిన వైరు పెట్టెలోనే ఉండిపోయింది. అది పెట్టాను: 285. అన్నట్టు, మీ ఫైబర్ బాక్స్ పోర్ట్ కూడా గిగాబిట్‌ది కావాలి. పాత బాక్సుల్లో కొన్నిటికి 100 పోర్టులే. అది కనెక్షన్ వాళ్లని అడిగి మార్పించుకోవాల్సిందే, ఎంత రౌటర్ కొన్నా లాభం లేదు.

నేను ముందే పట్టుకోవలసిన గుర్తు ఒకటుంది. వైఫై సిగ్నల్ బలహీనంగా ఉంటే స్పీడ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఒకసారి 40, ఒకసారి 120, గది మారితే ఇంకో లెక్క. అలా కాకుండా రౌటర్ పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూసినా 92కీ 95కీ మధ్య గీత గీసినట్టు ఆగిందంటే, ఎక్కడో ఒక పోర్టో వైరో 100 దగ్గర పట్టేసిందన్నమాట. విండోస్ ల్యాప్‌టాప్‌ని వైరుతో కలిపి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ లింక్ స్పీడ్ చూసినా తెలిసిపోతుంది, 100 అనో 1000 అనో రాసి ఉంటుంది.

బెడ్‌రూమ్ మాటేమయ్యిందంటారా? కొత్త రౌటర్ టీవీ వెనకాల ఉన్నన్నాళ్లు అక్కడ 110. పది మీటర్ల వైరు లాగించి నడవాలో అల్మరా పైన పెట్టాక 190. యాంటెన్నాలు లెక్కపెట్టుకుని కొనడం ఎంత దండగో అప్పుడు తెలిసింది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి మా గోడలే శత్రువులు. రెండు గోడలు తప్పిస్తే వచ్చిన లాభం ఏ యాంటెన్నా ఇవ్వలేదు. మొదట్లోనే కనెక్షన్ వాళ్ల బాక్స్‌ని నడవాలోకి జరిపించి ఉంటే, బహుశా ఏ రౌటరూ కొనాల్సిన పనే ఉండేది కాదేమో. ఈ మాట మా ఆవిడ దగ్గర ఇంకా అనలేదు.

ఆ 1,599 రౌటర్‌ని తణుకులో మా మామగారింటికి పంపాను. వాళ్లది 50 ప్లాన్. నిన్న ఫోన్ చేశారు: “అల్లుడుగారూ, పెరట్లో మామిడిచెట్టు కింద కూడా నెట్ వస్తోందండీ. ఇంత మంచిది మీరెందుకు తీసేశారండీ?”