తాళ్లన్నీ కాక్‌పిట్‌లోకి: చిన్న సెయిల్‌బోటు మీద కొన్నేళ్ల వాడకం తర్వాత

మాది 22 అడుగుల పడవ, చెన్నై పోర్టులోనే ఉంటుంది. నేనూ మా తోడల్లుడూ నడుపుతాం. ఆయన రాని రోజు నేనొక్కణ్ణే. పోర్టు లోపల నీళ్లు నిలకడగా ఉన్నంతసేపు మాస్ట్ (తెరచాప స్తంభం) దగ్గరికి వెళ్లి తెరచాప ఎత్తడం, దించడం పెద్ద పనేం కాదు. బ్రేక్‌వాటర్ దాటితే లెక్క వేరు. వచ్చే అల, గోడకు కొట్టుకుని తిరిగొచ్చే అల కలిసి పడవను ఊపేస్తాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి కూడా పుంజుకుంటుంది. అప్పుడు చుక్కాని వదిలేసి, ఒక చేత్తో మాస్ట్ పట్టుకుని ఇంకో చేత్తో చాప తగ్గించాలంటే టెన్షనే. అందుకే మెయిన్ హాలియార్డునూ (పెద్ద తెరచాపను ఎత్తే తాడు), గాలి పెరిగితే చాప విస్తీర్ణం తగ్గించే రీఫింగ్ తాళ్లనూ కాక్‌పిట్‌లోకి, అంటే మేం కూర్చుని పడవ నడిపే చోటికి, మళ్లించాం.

హాలియార్డు ఒక్కటే వెనక్కి తెచ్చి ఊరుకుంటే డబ్బు దండగ. చాప తగ్గించేటప్పుడు ముందు అంచులోని రింగును బూమ్ (చాప అడుగున ఉండే అడ్డకర్ర) దగ్గరి కొక్కేనికి తగిలించాలి కదా. హాలియార్డు కాక్‌పిట్‌లో, కొక్కెం మాస్ట్ దగ్గర ఉంటే ఒంటరిగా ఉన్నవాడు రెండింటి మధ్యా పరుగులు తీయాలి. అంతకంటే అన్నీ మాస్ట్ దగ్గరే ఉండటం నయం. తెస్తే హాలియార్డు, చాప ముందు మూలను లాగే తాడు, వెనక మూలను లాగే తాడు, మూడూ కలిపి తేవాలి. జిబ్ (ముందువైపు చాప) హాలియార్డును మేం కదపలేదు. మాది ఫర్లర్ (చాపను దించకుండానే చుట్టేసే అమరిక) ఉన్న జిబ్. ఒకసారి ఎత్తి బిగిస్తే మళ్లీ దాన్ని ముట్టుకునే పనే అరుదు.

రెండు మూలలనూ ఒకే తాడుతో లాగే పద్ధతి కూడా వాడి చూశాం. వినడానికి బాగుంటుంది. తాడు మాత్రం బోలెడు పొడవు, ప్రతి మలుపులోనూ రాపిడి. ముందు మూల బిగిసిపోయినా వెనక మూల ఇంకో జానెడు వదులుగానే ఉండేది. చాప పొట్ట ఉబ్బి, తగ్గించిన ఫలితమే ఉండదు. తర్వాత రెండు విడి తాళ్లకు మారాం. క్లచ్ (తాడును కరిచి పట్టే బిగింపు) ఒకటి ఎక్కువైంది, గొడవ తీరింది.

రాపిడి సంగతి ఎవరూ ముందే గట్టిగా చెప్పరు. మాస్ట్ దగ్గర నిలబడి వదిలితే చాప తన బరువుకే జారేది. ఇప్పుడు హాలియార్డు మాస్ట్ పాదం దగ్గరి కప్పీలో ఒకసారి, క్యాబిన్ కప్పు మీద ఆర్గనైజర్‌లో (తాళ్లను పక్కకు మళ్లించే కప్పీల వరుస) ఒకసారి మలుపు తిరిగి, క్లచ్ దాటి చేతికొస్తుంది. క్లచ్ ఎత్తినా చాప మూడొంతులు దిగి మొరాయిస్తుంది. మాస్ట్ గాడిలో డ్రై సిలికాన్ స్ప్రే కొట్టి, పాదం దగ్గర బాల్ బేరింగ్ కప్పీ వేశాక చాలావరకు దారికొచ్చింది. మామూలు నూనె, గ్రీజు పెట్టొద్దు. ఇసుక, దుమ్ము అంటుకుని ఇంకా బిగుస్తుంది.

ఆ కప్పీని ఎక్కడ కడతారన్నది చాలా ముఖ్యం. తాడులో 100 కిలోల బిగువుంటే, 90 డిగ్రీలు తిప్పే కప్పీ మీద పడేది 141 కిలోలు. అందులో 100 కిలోలు నిలువుగా పైకే లాగుతాయి. దాన్ని డెక్‌కు బిగిస్తే డెక్ పైకి లేస్తుంది. మేం మాస్ట్ కింది ప్లేటుకే తగిలించాం. ఆర్గనైజర్ దగ్గర మలుపు 30 డిగ్రీలే కాబట్టి భారం తాడు బిగువులో సుమారు సగమే, దానికి డెక్ చాలు. డెక్ లోపల బాల్సా చెక్క ఉంటే మాత్రం ముందు పెద్ద రంధ్రం వేసి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక అందులో బోల్టు రంధ్రం వేయాలి. లేదంటే కార్తీకం వానలకు నీళ్లు దిగి చెక్క మెత్తబడుతుంది.

బోల్టుల విషయంలో దెబ్బ తిన్నాం. జార్జిటౌన్‌లో ఒక కొట్టువాడు 316 స్టీలంటూ (ఉప్పునీటికి బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ రకం) ఇచ్చినవి కొన్నాళ్లకే తుప్పు కారి తెల్లటి డెక్ మీద గోధుమ రంగు చారలు దించాయి. అన్నీ విప్పి మళ్లీ వేయాల్సొచ్చింది.

ఇక కాళ్ల కింద తాళ్లు! మూడు తాళ్ల చివరలు కాక్‌పిట్‌లో పడితే సేమ్యా ఉప్మాలా ఉంటుంది. మొదట్లో మూడూ తెల్లవే. గాలి ఎక్కువైన వేళ మా తోడల్లుడు, “అన్నయ్యా, ఏది లాగమంటారు?” అని అడిగేలోపే చాప దడదడా కొట్టుకునేది. ఇప్పుడు హాలియార్డు నీలం, ముందు మూలది ఎరుపు, వెనక మూలది ఆకుపచ్చ. అడుగున జాలీ ఉన్న సంచులు పెట్టాం, నీళ్లు నిలవవు. హాలియార్డు ఎంతవరకు వదలాలో అక్కడ దారం గట్టిగా చుట్టాం. చీకట్లోనూ వేలికి తగులుతుంది, ఆ గుర్తు క్లచ్ దగ్గరికి రాగానే ఆపేస్తాను.

క్లచ్ గురించి ఒక్క జాగ్రత్త: బిగువు మీదున్న తాడును ముందు వించ్ (తాడు చుట్టి లాగే గిలక) మీదకు తీసుకుని, ఆ తర్వాతే పిడి ఎత్తాలి. నేరుగా ఎత్తితే తాడు అరచేతిని కోసుకుంటూ పోతుంది. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, ఉప్పు పేరుకుంటే లోపలి పళ్లు పట్టు వదిలేస్తాయి.

ఒక్కరో ఇద్దరో నడిపే పడవకు ఈ మార్పు చేయించమనే చెబుతాను. నలుగురైదుగురు కలిసి పొద్దున్నే తేలిక గాలిలో ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్లకు అక్కర్లేదు, ఆ డబ్బు కొత్త చాపకు దాచుకోవచ్చు. మా హాలియార్డు క్లచ్ కరిచేచోట పైతొడుగు నూగెత్తింది. లోపలి పోగు బాగానే ఉంది, అందుకే వానలకు ముందు తాడు కొనలు మార్చి కడుతున్నాం. అరిగిన భాగం అప్పుడు క్లచ్‌లోకి రాదు.