పెళ్ళిలో పాటలు: అసలొద్దా, దఫ్ (చేత్తో వాయించే చిన్న డప్పు) వరకా, అన్నీనా?

చెన్నైలో స్థిరపడ్డ మన తెలుగు ముస్లిం ఇళ్ళల్లో పెళ్ళి కుదిరితే బిర్యానీ ఎవరు వండాలన్నది తొందరగానే తేలిపోతుంది. తేలనిది పాటల సంగతే. నెల్లూరు నుంచి వచ్చిన మామూ "మ్యూజిక్ హరామ్, పెడితే మండపంలో అడుగుపెట్టను" అంటారు. పెళ్ళికొడుకు స్నేహితులు అప్పటికే డీజేని మాట్లాడేసి ఉంటారు. మధ్యలో పెళ్ళికూతురి తండ్రికి టెన్షన్. నేను ముఫ్తీని (ధర్మతీర్పు చెప్పే పండితుణ్ణి) కాను గానీ, ఇలాంటి పంచాయితీల్లో కూర్చుని కూర్చుని ఎవరి వాదనేంటో కొంత ఒంటబట్టింది.

అసలే వద్దనేవాళ్ళను చాదస్తులని కొట్టిపారేస్తుంటారు కుర్రాళ్ళు. అంత తేలిక కాదు. హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ నాలుగు మజ్‌హబుల్లోనూ (ధర్మశాస్త్ర సంప్రదాయాల్లోనూ) ఎక్కువమంది ఉలమా, అంటే మతపండితులు, వాయిద్యాలు కూడదనే అన్నారు. ఖురాన్‌లోని లుఖ్మాన్ సూరా (అధ్యాయం) 6వ ఆయతు(వాక్యం)లోని 'లహ్వల్ హదీస్' (కాలక్షేపపు మాట) అంటే పాటేనని ప్రవక్త సహచరుడు (సహాబీ) ఇబ్న్ మస్ఊద్ ఒట్టేసి చెప్పారు. వ్యభిచారం, పట్టు, మద్యం, వాయిద్యాలు, వీటిని హలాల్ (సమ్మతం) చేసుకునేవాళ్ళు తన ఉమ్మత్‌లో (అనుచర సమాజంలో) వస్తారని ప్రవక్త (స) అన్న హదీసు (ప్రవక్త మాటల ఉల్లేఖనం) బుఖారీ సంకలనంలో ఉంది. మరి షేర్ ఆటోలో, టీకొట్టులో, పక్కింట్లో మోగే పాటలతో ఈ ఊళ్ళో బతికేదెలా అంటే, దానికీ జవాబుంది. చెవిన పడటం వేరు, చెవి ఒగ్గి వినడం వేరని పాతకాలపు పండితుడు ఇబ్న్ తైమియా అంతటి కఠినుడే తేల్చారు.

అన్నీ సరే అనేవాళ్ళ దగ్గరా సరుకుంది. సంగీతాన్ని పేరెత్తి నిషేధించిన ఆయతు ఖురాన్‌లో లేదు. పైన చెప్పిన బుఖారీ హదీసు సనదు (ఎవరి నుంచి ఎవరు విన్నారనే గొలుసు) మధ్యలో తెగిందని అందలూసియా పండితుడు ఇబ్న్ హజ్మ్ (మరణం 1064) అన్నారు. తర్వాత హదీసు పండితుడు ఇబ్న్ హజర్ ఆ సనదు తెగలేదని చూపించారు, అది వేరే సంగతి. మన కాలంలో పండితుడు యూసుఫ్ ఖర్జావీ షరతులు పెట్టి ఒప్పుకున్నారు: మాటలో అశ్లీలం ఉండకూడదు, మద్యం లాంటివి తోడవకూడదు, మితి మీరకూడదు. తమిళనాట గాయకుడు నాగూర్ హనీఫా దీన్ (మత) పాటలు వాయిద్యాలతోనే ఇంటింటా మోగాయి. మన ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం ఊది, 1998లో ఇదే చెన్నైలో మ్యూజిక్ అకాడమీ నుంచి సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన పేరెత్తితే మామూ కాసేపు మాట్లాడరు. కానీ ఒక గొప్ప కళాకారుడి జీవితం ఫత్వా అయిపోదు కదా!

ఇంకో మాట. డీజే కోసం పాతకాలపు పండితుడు ఇమామ్ గజాలీని సాక్ష్యానికి లాగేవాళ్ళుంటారు. గజాలీ సమాను (సూఫీల భక్తి పాట వినికిడిని) సమర్థించిన మాట నిజమే. తాగుబోతుల మజ్లిసులకు గుర్తుగా మారిన తీగ వాయిద్యాలను మాత్రం ఆయన కూడా ఒప్పుకోలేదు. ఆ పేజీ ఎవరూ తిప్పరు.

ఇక గొంతు, దఫ్ వరకే అనే దారి. పెళ్ళి విషయానికొస్తే నా ఓటు దీనికే. రాజీ కోసం కాదు, ఆధారం నేరుగా పెళ్ళిలోదే కాబట్టి. ప్రవక్త కాలంనాటి రుబయ్యి బిన్త్ ముఅవ్విజ్ అనే ఆమె పెళ్ళప్పుడు చిన్నమ్మాయిలు దఫ్ వాయిస్తూ బద్ర్ యుద్ధంలో చనిపోయిన తమ పెద్దలను తలుచుకుని పాడుతుంటే ప్రవక్త (స) అక్కడే కూర్చున్నారు. ఒక పిల్ల "రేపేం జరుగుతుందో తెలిసిన ప్రవక్త మా మధ్య ఉన్నారు" అని అందుకోగానే, ఆ మాట వదిలేసి ఇందాకటిదే పాడమన్నారు. ఆపింది మాటను, దఫ్‌ను కాదు. ఇది కూడా బుఖారీలోదే, మామూ కాదనలేరు.

ఈ దారిలోనూ దొంగదారి ఉంది. 'ఓన్లీ వోకల్స్' నషీద్ (వాయిద్యాల్లేని భక్తి పాట) అని పెడతారు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి, మనిషి హమ్మింగ్‌నే కంప్యూటర్‌లో సాగదీసి బేస్ గిటార్ చేసి ఉంటారు. వద్దన్న మోతే చాటుగా లోపలికొచ్చినప్పుడు ఈ వేషమెందుకు? అంతకన్నా ఇంట్లో ఆడపిల్లలకు నాలుగు దఫ్‌లు కొనిచ్చి, వాళ్ళ హాల్లో వాళ్ళను పాడుకోనివ్వడం నయం.

ఒంటరిగా, పని చేసుకుంటూ వినే పాట సంగతి వేరు. అక్కడ నా మనసు ఖర్జావీ షరతుల వైపే మొగ్గుతుంది. మామూని మాత్రం మార్చబోను. ఆయన దారి ఆయన్ని ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజుకి) లేపుతోంది, నా పాట నన్ను లేపుతుందని చెప్పలేను.

పెళ్ళివారికి ఒక్క జాగ్రత్త. చాలా మండపాల్లో ప్యాకేజీతోపాటే మైక్‌సెట్ కుర్రాడు కూడా వస్తాడు. ఏం పెట్టాలో చెప్పకపోతే పొద్దున్నే సినిమా పాటలు మొదలెట్టేస్తాడు. అడ్వాన్స్ ఇచ్చే రోజే మాట్లాడుకోండి. వలీమా (పెళ్ళి విందు) రాత్రిదైతే ఇషా జమాత్ (రాత్రి సామూహిక నమాజు) టైము కూడా అతని చేతిలో రాసి పెట్టండి.