‘ది హేర్స్ లమెంట్’: చాన్నాళ్లుగా వింటున్న ఐరిష్ జానపద ఆల్బమ్

యీ వాగబాండ్స్ అంటే ఐర్లండ్‌లోని కార్లోలో పెరిగిన అన్నదమ్ములు, బ్రీయన్, డీర్మిడ్ మక్ గ్లిన్. రివర్ లీ సంస్థ 2019లో విడుదల చేసిన వాళ్ల ఈ ఆల్బమ్ ఎంత విన్నా మొహం మొత్తదు. ఒక్క షరతు: ఫోను స్పీకర్లో వినకండి. మంద్రంలో సాగే తీగల నాదం అందులో దాదాపు మాయమై, పైన గొంతులే పలచగా మిగులుతాయి. మామూలు వైరు ఇయర్‌ఫోన్లైనా చాలు.

అసలు సరుకంతా ఆ రెండు గొంతుల మధ్యే ఉంది. ఒకే ఇంటి గొంతులు కాబట్టి ఎవరిది ఏదో పోల్చుకోవడం కష్టం. కర్ణాటక కచేరీలకు అలవాటైన చెవికి మొదట్లో శ్రుతి తప్పినట్టే ఉంటుంది. మన జంట గాయకులు ఒకే స్వరం మీద నిలబడతారు, వీళ్లు కావాలనే విడిపోతారు. ముందు అసలు వరుసను మాత్రమే పట్టుకుని వినండి. మళ్లీ పెట్టినప్పుడు చెవిని రెండో గొంతుకే అప్పగించండి. అప్పుడు ఆ ఎడం తప్పుగా వినపడదు.

ఐర్లండ్‌లోనూ పాత పద్ధతి, అంటే షాన్ నోస్, వాద్యం లేని ఒంటి గొంతే. ఐరిష్ భాషా పాటల్లో జంట స్వరాలకు దారి వేసింది స్కారా బ్రే అనే బృందం 1971 నాటి ఆల్బమ్. ‘ది హేర్స్ లమెంట్’లోని ‘బాకఖ్ హీల్ ఆన్‌డీ’ పాటని డొనిగాల్ తీరంలోని ఆరన్‌మోర్ ద్వీపపు గాయని రోషె నా నవ్రాన్ కూడా పాడింది. 1953 నాటి ఆమె రికార్డింగులు దొరుకుతాయి. అది విని ఇది వింటే అన్నదమ్ములు ఏం కలిపారో, ఏ గమకాలు వదిలేశారో తేలిపోతుంది. ఛాందసులు సణుగుతారు, సణగనివ్వండి.

‘ది ఫాగీ డ్యూ’ని బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఐరిష్ తిరుగుబాటు పాట అనుకుని రాకండి. అదే పేరున్న పాత ప్రేమ పాట ఇది. దీనికి 2019లో బీబీసీ రేడియో 2 జానపద పురస్కారం దక్కింది. ఆల్బమ్ పేరుకు మూలమైన పాటలో వేటకు గురైన కుందేలే తన గోడు వెళ్లబోసుకుంటుంది. సాహిత్యం ముందే చదువుకోకపోతే ఇందులో సగం పోతుంది.

లోపమూ ఉంది. నడకలు దాదాపు ఒకే తీరు, ఏకబిగిన వింటే మధ్యలో చెవి జారుతుంది. రెండు మూడు పాటల చొప్పున వినడం మేలు. కాలు కదిలించే రీళ్లు, జిగ్‌లు అనే ఐరిష్ నృత్య బాణీలు కావాలంటే మాత్రం వేరే ఆల్బమ్ చూసుకోండి.